సిల్ 2 లూప్ లెక్క, ఫంక్షనల్ సేఫ్టీ శిక్షణ: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

నమస్కారం. నేను విశాఖ దగ్గర ఒక రసాయన కర్మాగారంలో ఆరేళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మా రియాక్టర్‌లో పీడనం హద్దు దాటితే ఆవిరి వాల్వును మూసే ట్రిప్ లూప్‌కు సిల్ 2 (భద్రతా వ్యవస్థల విశ్వసనీయతలో రెండో స్థాయి) ఉండాలని, అంటే అవసరమైన వేళ అది పనిచేయకపోయే సగటు సంభావ్యత 0.01 కంటే తక్కువగా ఉండాలని నిర్ణయించారు. పీడనాన్ని కొలిచి పంపే ట్రాన్స్‌మిటర్‌కు సిల్ 2 సర్టిఫికెట్ ఉంది కాబట్టి లూప్ కూడా సిల్ 2 అయినట్టేనని మా వాళ్ల వాదన. ఇలాంటి భద్రతా వ్యవస్థల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61511 చదివాక నాకు అర్థమైనది వేరు: ట్రాన్స్‌మిటర్, లాజిక్ సాల్వర్ (వాల్వును మూయమని ఆదేశించే నియంత్రణ పరికరం), వాల్వు మూడింటి సంభావ్యతలనూ కూడాలి; పైగా దాగి ఉన్న లోపాలను పట్టుకోవడానికి ఏడాదికోసారి చేసే ప్రూఫ్ టెస్టును రెండేళ్లకు జరిపితే, ఒకే వాల్వు ఉన్నచోట దాని వాటా దాదాపు రెట్టింపవుతుంది.

గత షట్‌డౌన్‌లో పరీక్షించినప్పుడు మా వాల్వు కొన్ని క్షణాలు కదలకుండా బిగుసుకుపోయి, తరువాత ఒక్క కుదుపుతో మూసుకుంది. రిజిస్టరులో మాత్రం ‘బాగుంది’ అని రాశారు. కింద సంతకం నాదే, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఇలాంటి వాల్వుకు వైఫల్య రేటును తయారీదారు సర్టిఫికెట్ నుంచి తీసుకోవాలా, మా నిర్వహణ రికార్డుల నుంచా? వాల్వును కొద్దిగా మాత్రమే కదిలించి చూసే పార్షియల్ స్ట్రోక్ టెస్టు పెడితే పూర్తి పరీక్ష గడువును ఎంతవరకు సడలించవచ్చు? జర్మనీకి చెందిన సర్టిఫికేషన్ సంస్థ టీయూవీ రైన్‌లాండ్ వారి ఫంక్షనల్ సేఫ్టీ ఇంజినీరు కోర్సును సొంత ఖర్చుతో చేయాలనుకుంటున్నాను. ఆ పరీక్ష రాసినవారు, ముందుగా ఏ లెక్కలు సాధన చేయాలో దయచేసి తెలియజేయగలరు.