తెలుగు గుణపదాలతో జ్ఞాపకశక్తి ప్రయోగం: సలహా కావాలి

తనకు వర్తిస్తుందా అని ఆలోచించిన పదాలే మనిషికి ఎక్కువ గుర్తుంటాయని ('నేను' ప్రభావం) మనస్తత్వవేత్త రోజర్స్ బృందం 1977లో చూపిన ప్రయోగాన్ని హైదరాబాద్ డిగ్రీ విద్యార్థులతో తెలుగులో చేయబోతున్నాం. తెర మీద 'పిసినారి', 'మొండి' లాంటి ఒక్కో పదం వస్తుంది. కొన్నిటికి "ఇది మీకు వర్తిస్తుందా?" అని, కొన్నిటికి మరో పదంతో ప్రాస కుదిరిందా అని అడుగుతాం. చివర్లో, ముందు చెప్పకుండా, గుర్తున్నవన్నీ రాయమంటాం. జాబితా మొదటి రెండు, చివరి రెండు పదాలు లెక్కలోకి రావు. అవి ఎలాగూ గుర్తుంటాయి.

చిక్కల్లా ఇక్కడే: మంచి గుణాలకే జనం 'అవును' నొక్కుతారు, 'అవును' అన్న పదమే ఎక్కువ గుర్తుంటుంది. అప్పుడు తేలేది 'నేను' ప్రభావమా, పొగడ్త ప్రభావమా? మంచి-చెడులను 7 పాయింట్ల స్కేలుపై కొలిచిన తెలుగు పదాల జాబితా ఎవరి దగ్గరైనా ఉందా?

పోలిక కోసం కొన్ని పదాలకు "ఇది ఫలానా మనిషికి వర్తిస్తుందా?" అని కూడా అడగాలి; ఆ మనిషిగా అమ్మను పెట్టలేం. చైనా విద్యార్థులకు అమ్మ గురించిన పదాలూ తమ గురించినవాటంత బాగా గుర్తున్నాయి. మన కుర్రాళ్లకు సినిమా హీరో కూడా పరాయివాడు కాదాయె! ముఖ్యమంత్రిని పెడితే నడుస్తుందా?