లింక్స్–కుందేలు లెక్కకు లోట్కా–వోల్టెరా చాలుతుందా?

గణితాభిమాని: చాలుతుందనే నా వాదన. లింక్స్ అంటే కుందేళ్లను తినే అడవిపిల్లి; లోట్కా–వోల్టెరా అంటే ఎర, వేటజంతువుల సంఖ్యలు ఎలా మారతాయో చెప్పే సమీకరణాల జత. కెనడాలో తోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్ బే కంపెనీ పద్దుల్లో 1903లో కుందేలు 77.4 వేలు, మరుసటి ఏడాది లింక్స్ 59.4 వేలు. ఏడాది లెక్కన, వేలల్లో: కుందేళ్ల పెరుగుదల 0.55, వేట 0.028, లింక్స్ చావులు 0.80, వేట వల్ల లింక్స్ పెరుగుదల 0.024. వీటితో 1900–1920 గీత దాదాపు కుదురుతుంది. 2π ని (0.55×0.80) వర్గమూలంతో భాగిస్తే సమతాస్థితి (రెండు సంఖ్యలూ మారకుండా నిలిచే స్థితి) దగ్గర చక్రం 9.5 ఏళ్లు. నాలుగే నాలుగు గుణకాలండీ!

అడవిగాలి: గీత కుదిరితే కారణం తేలినట్టు కాదు. అవి తోళ్ల లెక్కలు, జంతువులవి కావు. కుందేళ్ల సంఖ్యకు ఎదురుగా లింక్స్ సంఖ్య గీస్తే వచ్చే వలయం పాత పద్దుల్లో కొన్నిచోట్ల తిరగబడి, కుందేళ్లే లింక్స్‌ను తింటున్నట్టు కనిపిస్తుందని 1973లోనే పర్యావరణ శాస్త్రవేత్త గిల్పిన్ చూపించారు. కెనడాలో యూకాన్‌లోని క్లువానీలో చదరపు కిలోమీటరు స్థలాల్లో మేత వేస్తే కుందేళ్లు మూడింతలయ్యాయి. విద్యుత్ కంచెతో వేటజంతువులను ఆపితే రెండింతలు. రెండూ చేస్తే పదకొండింతలు! విడివిడి ప్రభావాలైతే 2×3, అంటే ఆరే రావాలి. మీ సమీకరణంలో మేత ఎక్కడుంది?

కోడురాత: ముందు ఒక మాట. సమీకరణాలను ఏ పద్ధతితో సాధించారు? చిన్న అడుగులతో ముందుకు లెక్కించే మామూలు ఆయిలర్ పద్ధతితో అయితే అడుగు 0.1 ఏడాది పెట్టినా సమతాస్థితి దగ్గర ఊగిసలాట పదేళ్లలో 25 శాతం ఉబ్బుతుంది. అది అడవి చేసింది కాదు, మన అంకగణితం చేసింది. మరింత ఖచ్చితమైన నాలుగో స్థాయి రుంగే–కుట్టా పద్ధతి వాడండి. లేదా ముందు కుందేళ్లను మార్చి, ఆ కొత్త సంఖ్యతోనే లింక్స్‌ను లెక్కించండి, వలయం చెదరదు.

గణితాభిమాని: రుంగే–కుట్టాతోనే చేశాను. మేత లేదన్నది ఒప్పుకుంటాను. కానీ రెంటినీ ఒకే రేటున పడితే ఎర సగటు పెరిగి, వేటజంతువుది తగ్గుతుందన్న సగటు సూత్రం వదులుకోలేను. రెంటినీ ఏటా 0.1 రేటున పట్టండి: కుందేళ్ల సగటు 33.3 నుంచి 37.5కి పెరుగుతుంది, లింక్స్ 19.6 నుంచి 16.1కి పడిపోతుంది. వరిలో విచక్షణ లేకుండా మందు కొడితే సుడిదోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు పోయి సుడిదోమ విజృంభించేది ఇందుకే కదా?

అడవిగాలి: దిశ వరకు సరే. కానీ సుడిదోమ గుడ్లు మొక్క కణజాలంలో దాగి మందును తప్పించుకుంటాయి. రెంటికీ ఒకే రేటు అన్న మీ షరతు అక్కడే తప్పింది. కుందేళ్ల పెరుగుదలను (1 − కుందేళ్లు/మేత పరిమితి)తో గుణించండి; మేత పరిమితి అంటే ఉన్న మేత పోషించగల కుందేళ్ల సంఖ్య. వేటను కూడా కడుపు నిండితే ఆగేలా మార్చండి: వేట రేటు×కుందేళ్లు, దాన్ని (1 + వేట రేటు×తినే సమయం×కుందేళ్లు)తో భాగించాలి. అప్పుడు మేత పరిమితిని మెల్లగా పెంచుతూ పోండి. ఒక హద్దు దాటాక సమతాస్థితి చెదిరి చక్రం మొదలవుతుంది. పర్యావరణ శాస్త్రవేత్త రోజెన్‌జ్వైగ్ 1971లో చెప్పింది అదే. మీ నాలుగు గుణకాలకు అది ఎప్పటికీ కనిపించదు.