నానబెట్టిన కిస్మిస్ కుక్కకి పెట్టొచ్చా? నాన్నగారు రోజూ పెడుతున్నారు

పెరటి జామ:
మాది కాకినాడ. నాన్నగారికి డెబ్బై దాటాయి. రాత్రి గిన్నెలో ఇన్ని కిస్మిస్, రెండు అంజీర్, నాలుగు బాదం నానేసుకుని పొద్దున్నే అరుగు మీద కూర్చుని తింటారు. మా బుజ్జిగాడు ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చుంటాడు. ఊరకుక్కే, మూడేళ్లు, పన్నెండు కిలోలుంటాడు. "నీకొకటి, నాకొకటి" అంటూ పెడతారు. తమ్ముడు దుబాయ్ నుంచి డ్రైఫ్రూట్స్ డబ్బా తెచ్చాక ఇంకా ఎక్కువైంది. నిన్న పక్కింటావిడ ద్రాక్ష కుక్కలకి విషం అన్నారు. నాన్నగారేమో "రెండేళ్లుగా తింటున్నాడు, ఏమైంది వాడికి?" అంటారు. నిజమేనా? మరి ఖర్జూరం, మామిడి తాండ్ర పెట్టొచ్చా? ఆయన మనసు నొచ్చకుండా చెప్పాలి.

చెరువుకట్ట:
మా టైగర్ గాడు ఐదేండ్ల సంది పాయసంల కిస్మిస్ తింటనే ఉన్నడు, ఏం కాలే. ఊకె భయపడకుర్రి.

గుమ్మం ముందు ముగ్గు:
చెరువుకట్ట గారూ, మీవాడికి ఏమీ కానందుకు సంతోషం. కానీ దయచేసి ఆ మాట ఇంకొకరికి చెప్పకండి. నేనూ అలాగే అనుకున్నాను.

మూడేళ్ల కిందట వరలక్ష్మీ వ్రతం రోజు. పరవాన్నంలోకి నేతిలో వేయించిన కిస్మిస్ గిన్నె స్టవ్ పక్కన పెట్టి హారతికి వెళ్లాను. వచ్చేసరికి గిన్నె నాకేసి ఉంది. మా స్వీటీ ఆరు కిలోల పామరేనియన్. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. అందులో కిస్మిస్ ఉబ్బి, మళ్లీ చిన్న ద్రాక్షపళ్లలా గుండ్రంగా ఉన్నాయి. ఆ గింజలు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. నెయ్యి పడలేదులే అనుకుని మజ్జిగ పట్టాను. మర్నాడు బాత్‌రూమ్‌లో తడి నేల మీద పడుకుని లేవలేదు. మూడో రోజుకి ఒంటేలు ఆగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళితే రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు పాడైతే పెరిగేది) 9 దాటింది. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. దక్కలేదు. తిన్న గంటా రెండు గంటల్లో తెచ్చుంటే వాంతి చేయించేవాళ్లం, బొగ్గు మందు పట్టేవాళ్లం అన్నారు డాక్టరు గారు.

అప్పటి నుంచి ఈ విషయం దొరికిన చోటల్లా చదువుతున్నాను. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తోందని 2021లో అమెరికాలోని ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ విష నియంత్రణ కేంద్రం డాక్టర్లు గట్టిగా అనుమానించారు. మన ఒంట్లోంచి బయటికి పోయినంత తేలిగ్గా కుక్క ఒంట్లోంచి అది పోదట. ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి ఆ ఆమ్లం మారుతుంది. అందుకే ఒక కుక్క గుప్పెడు తిని తిరుగుతుంది, ఇంకోటి కొద్దిగా తిని పడిపోతుంది. ఇంత వరకు పర్లేదు అనే లెక్క ఎవరూ ఇవ్వలేరు. నీరంతా పోయి ఆమ్లం చిక్కబడుతుంది కాబట్టి పండు కంటే కిస్మిస్ ఇంకా ప్రమాదం. నానబెట్టినా, వేయించినా అదే.

మనవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇంకొకటి: చింతపండులోనూ అదే ఆమ్లం, అదీ బాగా ఎక్కువ. చింతపండు తిన్న కుక్కలకి కూడా ఇలాగే కిడ్నీలు పాడైనట్టు డాక్టర్లు రాశారు. కాబట్టి పులిహోర, చారన్నం, పిండేసిన చింతపండు పిప్పి ఏదీ పెట్టకండి. పిప్పి పెరట్లో పారేసే అలవాటుంటే మానండి.

అంజీర్, ఖర్జూరం విషం కాదు. గింజ తీసి ఎప్పుడో ఓ చిన్న ముక్క చాలు. చక్కెర ఎక్కువ, విరేచనాలవుతాయి. తాండ్రా అంతే, తీపి ఎక్కువ. రేగు వడియాల్లో ఉప్పు, కారం ఉంటాయి, వద్దు. బాదం కూడా ఆపండి, కొవ్వు ఎక్కువ, చిన్న కుక్కలకి గొంతులో అడ్డం పడుతుంది.

బుజ్జిగాడికి ఈ వారంలోనే ఒకసారి రక్తపరీక్ష చేయించండి. నాన్నగారికి మా స్వీటీ సంగతి చెప్పండి. నేను చెప్పమన్నానని చెప్పండి.

వేపచెట్టు నీడ:
నేను పశువుల డాక్టరు దగ్గర సహాయకుడిగా చేస్తున్నాను. పైన అన్నది అక్షరాలా నిజం. ఒక్కటి కలుపుతాను: తిన్నాడని తెలిస్తే ఇంట్లో ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి, ఉప్పే ఇంకో విషమవుతుంది. ఎన్ని తిన్నాడో, ఎన్నింటికి తిన్నాడో చెప్పగలిగేలా మిగిలిన ప్యాకెట్టు పట్టుకుని వెంటనే బయల్దేరండి. వాంతి కాలేదు కదా అని మర్నాటిదాకా చూడొద్దు.

పెరటి జామ:
ముగ్గు గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. తడి నేల మీద పడుకుందన్న చోట కళ్లజోడు తీసేశారు. ఏమీ అనలేదు. మర్నాడు ఆయనే ఆటో పిలిచి బుజ్జిగాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. క్రియాటినిన్ 1.1 వచ్చింది, బాగానే ఉందన్నారు. ఇప్పుడు గిన్నె వంటగదిలోనే ఖాళీ చేసి, చేతులు కడుక్కుని అరుగు మీదికి వస్తున్నారు. జేబులో కేరట్ ముక్కలుంటాయి. నీకొకటి, నాకొకటి అంటూ ఇద్దరూ అవే నములుతున్నారు.