పాత పికప్‌కి హ్యాండ్ బ్రేక్ కేబుల్ తెగింది, నేనే మార్చుకోవచ్చా?

అందరికీ నమస్కారం. నాది పదహారేళ్ల నాటి డీజిల్ పికప్, వెనక రెండూ డ్రమ్ బ్రేకులే. మొన్న మదనపల్లె మార్కెట్‌లో టమాటా దించి హ్యాండ్ బ్రేక్ లాగితే టప్‌మని చప్పుడైంది, లివర్ వదులుగా పైకి వచ్చేసింది. అప్పట్నుంచి గేర్లో వేసి, టైరు కింద రాయి పెట్టి ఆపుతున్నా. లోడుతో ఏటవాలులో ఆపాలంటే టెన్షనే.

కిందికి దూరి చూశాను. లివర్ నుంచి వచ్చే ముందు కేబుల్ బాగానే ఉంది. ఎడమ చక్రానికి వెళ్లేది డ్రమ్ వెనక ప్లేటు దగ్గర తెగి, తీగలు చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి. కుడిది తెగలేదు గానీ తొడుగులో తుప్పు పట్టి, లాగితే వెనక్కి పోవట్లేదు. అందుకే రెండూ మార్చేద్దామనుకుంటున్నా.

చిక్కల్లా డ్రమ్‌తోనే, కేబుల్ మార్చాలంటే ముందు అది ఊడాలి. సుత్తితో చుట్టూ కొట్టినా కదల్లేదు. దాని మీద త్రెడ్ ఉన్న రెండు బెజ్జాలున్నాయి. వాటిలో బోల్టులు సమంగా బిగిస్తే డ్రమ్ ఊడొస్తుందంటున్నారు. పగలదు కదా? ఇంకొకటి, ముందు షూలు (డ్రమ్‌కి లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపేవి) డ్రమ్‌కి దగ్గరగా సర్ది ఆ తర్వాతే కేబుల్ బిగించాలా? మా మెకానిక్ నేరుగా కేబుల్ నట్టే తిప్పేస్తాడు, అది నాకు నచ్చదు. కొత్తవి కొనేటప్పుడు పాత కేబుల్ పక్కన పెట్టి పొడవు చూసుకుంటే సరిపోతుందా? ఇంట్లోనే చేసుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.