ది ఇన్నోసెంట్స్‌లో దయ్యాలు నిజమా, భ్రమా? చూసినవాళ్లు కాస్త చెప్పండి

1961 నాటి బ్రిటిష్ సినిమా ‘ది ఇన్నోసెంట్స్’ నిన్న రాత్రి చూశాను. జాక్ క్లేటన్ తీసింది, పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మగా డెబొరా కెర్ హీరోయిన్. 1898లో అచ్చయిన హెన్రీ జేమ్స్ కథ ఆధారంగా తీశారు. నాకు విపరీతంగా నచ్చింది. రక్తం లేదు, మీద పడే దయ్యాలు లేవు. చెరువు అవతల రెల్లులో నల్లబట్టల ఆవిడ పగటిపూట కదలకుండా నిలబడి ఉంటుంది చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది.

మా అక్క మాత్రం ఇదంతా ఆ పంతులమ్మ భ్రమేనంటోంది. ఆమెకు తప్ప ఇంకెవరికీ దయ్యం కనిపించినట్టు లేదు కదా అని వాదన. అది నిజమే. కానీ చదువుల గదిలో బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్న ఆ నల్లబట్టల ఆవిడ మాయమయ్యాక ఒక కన్నీటి చుక్క మిగిలిపోతుంది. పంతులమ్మ ముట్టుకుంటే తడి! భ్రమే అయితే ఆ తడి ఎక్కడిది? పొద్దున్నించీ నా బుర్రలో అదే తిరుగుతోంది.

ఆ సీన్‌ని మీరెలా అర్థం చేసుకున్నారు? మూల కథ చదివినవాళ్లుంటే, అందులోనూ ఈ కన్నీటి చుక్క ఉందా? పాతబంగళా, నీడలు, నిశ్శబ్దంతోనే భయపెట్టే ఇలాంటి బ్రిటిష్ సినిమాలు ఇంకేమైనా ఉంటే పేర్లు చెప్పండి, ప్లీజ్.