పిల్లలు పడుకున్నాక బీరు కాచడం: పనిని రెండు పూటలకి విడగొట్టొచ్చా?

ప్రశ్న:
20 లీటర్ల బ్యాచ్‌కి సామాను తీసింది మొదలు కడిగి సర్దేదాకా ఐదారు గంటలు పడుతోంది. చిన్నపిల్లలున్న ఇల్లు, ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. రాత్రి రెండు గంటలు, మర్నాడు పొద్దున ఇంకో రెండు గంటలు, అంతకుమించి దొరకదు. మధ్యలో ఎక్కడ ఆపితే బీరు చెడదు? మాష్ (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడినీళ్లలో నానబెట్టడం) సంచిలోనే చేస్తాను. చిల్లర్ (మరిగిన రసాన్ని త్వరగా చల్లార్చే పరికరం) లేదు.

జవాబు 1:
మాష్‌ని రాత్రంతా వదిలేయండి. 5 కిలోల మాల్ట్‌కి 28 లీటర్ల నీళ్లు 71–72 డిగ్రీలకి కాచి, సంచి దించి, ఉండలు కట్టకుండా కలిపితే 68 దగ్గర నిలుస్తుంది. మంట ఆర్పేశాకే గిన్నెకి దుప్పట్లు చుట్టాలి. పొద్దున థర్మామీటర్ 60 చూపిస్తే నిశ్చింత. 50కి పడిపోతే మాత్రం గండం: మాల్ట్ పొట్టు మీదుండే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా లేచి వర్ట్‌ని (మాల్ట్ నానిన తియ్యటి రసాన్ని) పులిపేస్తుంది. ఇంకోటి, అంతసేపు నానితే ఎంజైములు చక్కెరలు ఎక్కువ తీస్తాయి, బీరు పల్చబడుతుంది. 66 కాకుండా 68 చెప్పింది అందుకే.

జవాబు 2:
పై పద్ధతి పనిచేస్తుంది గానీ, చలికాలంలో నమ్మలేం. రెండు గంటలున్నాయి కదా, మాష్ గంటలో ముగించి, సంచి ఎత్తి పిండేసి, వర్ట్‌ని 80 డిగ్రీలు దాటించి మూత పెట్టి పడుకోండి. ఎంజైములూ ఆగిపోతాయి, పులిపే బాక్టీరియా కూడా చస్తుంది. పొద్దున నేరుగా మరిగించడమే.

చిల్లర్ లేకపోవడం మీకు ఒకందుకు మంచిదే. మరిగిన వర్ట్‌ని వేడివేడిగా హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ క్యాన్‌లోకి (అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటుంది) అంచుదాకా పట్టండి. గాలి పోయేలా నొక్కి మూత బిగించి, పది నిమిషాలు పక్కకి పడుకోబెడితే మూత లోపలివైపు కూడా వేడి తగులుతుంది. క్యాన్‌లో వర్ట్ చాలాసేపు 80 పైనే ఉంటుంది కాబట్టి హాప్స్ (బీరుకి చేదునిచ్చే పువ్వులు) చేదు దిగుతూనే ఉంటుంది. మరగడం ముగియడానికి 20 నిమిషాలుండగా వేయమన్న హాప్స్‌ని మంట ఆర్పేటప్పుడు వేయండి.

చల్లారాక ఆ రాత్రికో మర్నాటికో 11.5 గ్రాముల డ్రై ఈస్ట్ వేసేయాలి. వారాలు నిల్వ పెట్టొద్దు. మరిగించినా బొట్యులిజం స్పోర్లు చావవు, పులియని వర్ట్‌కి వాటిని ఆపేంత ఆమ్లం ఉండదు. మరిగే వర్ట్ పట్టేటప్పుడు పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. కుళాయికి సిలికాన్ ట్యూబ్ తగిలించి పట్టండి, గిన్నె ఎత్తి వంచొద్దు.

అడిగినవారు:
పిల్స్‌నర్ అనే లేత రంగు మాల్ట్‌కీ ఇదే పద్ధతా? ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుందంటారు.

జవాబు 2:
అది డీఎంఎస్ (డైమిథైల్ సల్ఫైడ్) అనే పదార్థం వాసన. మరిగేటప్పుడు పుట్టి ఆవిరితో పోతుంది, మూసిన క్యాన్‌లో పోయే దారుండదు. మూత లేకుండా 90 నిమిషాలు మరిగించండి. అంత టైమ్ లేకపోతే పేల్ ఏల్ మాల్ట్ వాడండి, 60 చాలు.

జవాబు 3:
కాచే రోజు గురించే చూస్తున్నారు, సీసాల్లో పట్టడం కూడా రాత్రిని మింగేస్తుంది. 500 మి.లీ. సీసాలైతే 40 కడగాలి. తాగిన వెంటనే కడిగి బోర్లిస్తే ఆ రోజు శానిటైజర్‌లో ముంచడమే మిగులుతుంది. తీరిక లేకపోతే ఫెర్మెంటర్‌లో (బీరు పులిసే పాత్రలో) మూడు వారాలున్నా ఏమీ కాదు. తొందరపడితేనే ప్రమాదం: మూడు రోజుల తేడాతో హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచేది) ఒకే అంకె చూపించాలి, లేదంటే ఇంకా పులుస్తున్నట్టే, సీసాలు పేలతాయి. సీసాలో గ్యాస్ పుట్టడానికి చక్కెర లీటరుకి 6 గ్రాములు, కాసిని నీళ్లలో మరిగించి బకెట్ అడుగున పోసి, దాని మీదకి బీరు దించండి. విడిగా సీసా సీసాకీ చెంచాతో వేస్తే ఒకటి చప్పగా, ఇంకోటి పొంగిపోయేలా తయారవుతాయి.