22 వరసల కింద జారిన కుట్టు, బిగిసిపోయిన మెడ: స్వెటర్ చివరి పనులు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

ఊలుబంతి (భీమవరం):
అందరికీ నమస్తే. మా వదినకి ఇది ఎనిమిదో నెల, న్యూజెర్సీలో ఉంటారు. పురుడికి మా అమ్మ 26న బయలుదేరుతోంది. అమ్మ చేతికి పసిబిడ్డ స్వెటర్ ఒకటి ఇచ్చి పంపాలని రెండు నెలల కిందట నిటింగ్ మొదలుపెట్టాను. 10 నంబరు సూదులు, లేత పసుపు ఊలు. వెనక భాగం, చేతులు రెండూ అయ్యాయి. ముందు భాగం కూడా అయిపోయిందని మంచం మీద పరిచి చూస్తే, 22 వరసల కింద ఒక కుట్టు జారిపోయి నోరు తెరుచుకుని ఉంది. అదంతా విప్పకుండా సరిచేయొచ్చా? మెడ దగ్గర కుట్లు మూసేస్తుంటే తాడులా బిగిసిపోతోంది. చేతులు ఒంటికి అతికితే అతుకు కనపడకూడదు, దానికేం చేయాలి? అంచులు చాపలా చుట్టుకుపోతున్నాయి. ఇదే రంగు ఊలు ఇంకో బంతి కావాలి, భీమవరంలో ఎక్కడా దొరకలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

నర్సాపురం మామ్మ:
మన ఉక్కపోతలో ఊలు ముట్టుకుంటేనే చెమట కదమ్మా. హాయిగా నూలు దారంతో లేసు టోపీ, మేజోళ్లు అల్లి పంపు. ఎనిమిదో ఏట మా అమ్మ నా చేతికి లేసు సూది ఇచ్చింది, ఇప్పుడు అరవై దాటాయి. చీకట్లో కూడా అల్లుతాను. లేసులో జారడం అనేదే ఉండదు. సూది మీద ఉండేది ఒక్క కన్నే, అది జారితే మళ్లీ పట్టుకుంటాం, అంతే.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
మామ్మగారూ, బిడ్డ పుట్టేది న్యూజెర్సీలో, నర్సాపురంలో కాదు. జనవరిలో అక్కడ మంచు పడుతుంది.

ఊలుబంతీ, మా వారి ఆర్మీ ఉద్యోగంతో పఠాన్‌కోట్‌లో 11 ఏళ్లు ఉన్నాను. అక్కడ ఆడవాళ్లు బస్సులో నిలబడి కూడా స్వెటర్లు అల్లుతారు. ఇక్కడ నిటింగ్ గురించి నాకన్నా తెలిసినవాళ్లు ఉంటే చేయి ఎత్తండి. ముందు ఒకటి చెప్పు. ఆ కుట్టు పై నుంచి జారి 22 వరసలూ నిచ్చెనలా దిగిందా? లేక అక్కడే జారి ఆగిపోతే నువ్వు చూసుకోకుండా పైన అల్లుకుంటూ పోయావా? రెండూ ఒకటి కాదు.

ఊలుబంతి (భీమవరం):
నిచ్చెనేనండీ. మెట్లు లెక్కపెట్టొచ్చు.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
అయితే బతికిపోయావు. మామ్మగారి లేసు సూది లాంటిదే, కాస్త లావుది తెచ్చుకో. స్వెటర్ మంచి వైపు నీకేసి పెట్టుకో. అడుగున నోరు తెరిచిన కన్నులోకి ముందు నుంచి సూది పోనిచ్చి, దానికి సరిగ్గా పైన ఉన్న మెట్టు పోగును కొక్కానికి తగిలించి కన్నులోంచి లాగు. ఒక వరస ఎక్కినట్టు. అలా 22 సార్లు. మెట్టు దాటేశావా, మళ్లీ దిగాలి. పైకొచ్చాక కన్ను వంకర తిరగకుండా సూది మీద పెట్టు. ఆ నిలువు గీత కాస్త బిగుతుగా గానీ వదులుగా గానీ కనిపిస్తుంది, కంగారుపడకు. సూది మొనతో పక్క కుట్ల నుంచి కొంచెం కొంచెంగా పోగు సర్దు. ఒక్క ఉతుకుతో మిగతాది కలిసిపోతుంది.

జారింది అక్కడే ఆగిపోయి ఉంటే ఇలా ఎక్కించకూడదు. ఎక్కించడానికి పోగే ఉండదు, పక్క కుట్లన్నీ ముడుచుకుపోతాయి. అప్పుడు అదే రంగు పోగుతో వెనక నుంచి ఆ కన్నును కట్టేసి, పైన ఒక కుట్టు పెంచుకోవాలి.

యానాం కుర్రోడు:
స్వెటర్ అంటే చేపల వల కదా అనుకుని లోపలికొచ్చాను. సారీ.

అంతర్వేది వల:
చేపల వల గురించి ఎవరో అన్నారు కాబట్టి చెబుతున్నా. మా వలలో కన్నుకో ముడి ఉంటుంది. ఒక కన్ను తెగితే పక్క కన్ను కదలదు. ఈ ఊలు పనిలో ఒకటి వదిలితే కిందదాకా పోతుందంటే విచిత్రంగా ఉంది. వల బాగు చేసేప్పుడు ముందు చిరుగు చుట్టూ ఇంకా కోస్తాం. మూడు పోగులు మిగిలిన ముడి దగ్గర మొదలుపెట్టి, అలాంటి ముడి దగ్గరే ముగిస్తాం. అలా కోయకుండా మొదలుపెడితే చివరికి ఒక కన్ను తేడా వస్తుంది. మా నాన్న ఆ కోత చూసే పనివాడు ఎలాంటివాడో చెప్పేసేవాడు.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
బాబూ, స్వెటర్‌కి కత్తెర పెట్టమనకు, ఆ అమ్మాయి గుండె ఆగిపోతుంది.

అమలాపురం అల్లిక:
నాది క్రోషియా (మామ్మగారి లేసు లాగే ఒక్క కొక్కెం సూదితో అల్లేది) సమస్య, కానీ ఇక్కడే అడుగుతున్నా. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాను. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో టీపాయ్ గుడ్డ డిజైన్ ఉంది. మధ్యలో 6 డబుల్ కుట్లు, ప్రతి చుట్టుకీ 6 పెంచమంది. అక్షరం తప్పకుండా చేశాను. నాలుగో చుట్టుకి అంచులు పైకి లేచాయి. ఎనిమిదో చుట్టుకి గిన్నె. మా ఆయన అందులో పల్లీలు పోసుకుని తిన్నారు.

నర్సాపురం మామ్మ:
డబుల్ కుట్టుకి 6 చాలు. నువ్వు గట్టిగా లాగి ఉంటావు.

అమలాపురం అల్లిక:
చాలదండి. డబుల్ కుట్టు పొడుగ్గా ఉంటుంది కదా, 12తో మొదలుపెట్టాలని అన్ని వీడియోల్లోనూ చెబుతున్నారు. పుస్తకమే తప్పు.

నర్సాపురం మామ్మ:
డబుల్ పొడుగేమిటి? డబుల్ పొట్టి కుట్టు. పొడుగుది ట్రెబుల్. 50 ఏళ్లుగా అదే పేరు పెట్టి కూలి తీసుకున్నాను. నువ్వు ఫోన్‌లో నేర్చుకుని నాకు చెబుతున్నావా?

అమలాపురం అల్లిక:
మామ్మగారూ, ప్రపంచమంతా దాన్ని సింగిల్ అంటోంది. నర్సాపురం ఒక్కటే ప్రపంచం కాదు కదండీ.

నర్సాపురం మామ్మ:
కాదమ్మా, కాదు. నర్సాపురం గుడ్డలు పరుచుకున్న బల్లల మీద కాఫీ తాగేదే ప్రపంచం.

పాలకొల్లు లెక్కలు:
ఇద్దరూ ఆగండి. ఎగుమతి వాళ్ల దగ్గర 14 ఏళ్లు ఆర్డర్లు చూసిన గుమాస్తాని. ఈ గొడవ మా ఆఫీసులో నెలకోసారి వచ్చేది. బ్రిటిష్ వాళ్లు డబుల్ అనేదాన్ని అమెరికా వాళ్లు సింగిల్ అంటారు. అమెరికా డబుల్ బ్రిటిష్ వాళ్లకి ట్రెబుల్. అక్కడి నుంచి ప్రతి కుట్టుకీ ఒక మెట్టు తేడా. మన లేసు 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. అందుకే మామ్మగారి నోట బ్రిటిష్ పేర్లు ఉన్నాయి. వీడియోలు ఎక్కువగా అమెరికావి.

అల్లికమ్మా, మీ పుస్తకం తప్పు కాదు. అది బ్రిటిష్ డబుల్, పొట్టి కుట్టు, 6 సరిపోతాయి. మీరు ఆ 6 చోట్లా పొడుగు కుట్లు వేశారు. ఎత్తు పెరిగింది, చుట్టుకొలత పెరగలేదు, గిన్నె అయింది. అవే 6 బదులు 12 పెట్టుంటే పల్లీలు దొర్లిపోయేవి. ఇంకో గుర్తు: డిజైన్‌లో ఎక్కడైనా ‘సింగిల్’ అన్న మాట కనపడితే అది దాదాపుగా అమెరికాదే. ఇప్పటి బ్రిటిష్ లెక్కలో సింగిల్ లేదు.

నర్సాపురం మామ్మ:
అంటే నేనే కరెక్టు.

అమలాపురం అల్లిక:
అంటే ఇద్దరమూ కరెక్టు. ఆయన చెప్పింది అదే.

నర్సాపురం మామ్మ:
ఎగుమతి ఆఫీసాయన కనపడ్డారు కాబట్టి ఒకటి అడుగుతా. దారం బంతి లెక్కన కూలి ఇచ్చేవారు మీ ఏజెంట్లు. పువ్వులు అల్లేది ఒకరు, అతుకు పని చేసేది ఇంకొకరు. మొత్తం గుడ్డ ఎంతకి పోయిందో మా ఇద్దరిలో ఒక్కరికీ తెలిసేది కాదు. 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఈ ఊరి సరుకే అన్న ముద్ర) వచ్చిందని మైకులో చెప్పారు, చప్పట్లు కొట్టాం. మర్నాడు బంతి కూలి పైసా పెరగలేదు.

పాలకొల్లు లెక్కలు:
గుమాస్తా జీతం నాది. రేటు నేను వేయలేదు. మరక పడిందని సరుకు తిరిగొస్తే ఆ తిట్లు తిన్నది మాత్రం నేనే.

నర్సాపురం మామ్మ:
మరక ఎవరి గుండుసూదుల వల్ల పడింది? ఆరబెట్టడానికి మీరిచ్చిన సూదులకి వారానికి తుప్పు. మన గాలిలో ఉప్పు, తేమ. స్టీలు సూదులు కొనండి బాబూ అని మొత్తుకున్నాం.

రాజోలు సైలెంట్:
ఈ చర్చ పసిబిడ్డ స్వెటర్ గురించి మొదలైంది. గుర్తు చేస్తున్నానంతే. పనిలో పని, తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతకండి. తెల్ల నూలుకి మాత్రమే, రంగు దారానికి వద్దు. బ్లీచింగ్ పోస్తే తుప్పు మరక ఇంకా మొండికేస్తుంది.

అమలాపురం అల్లిక:
గంజి సంగతి కూడా ఎవరైనా చెప్పండి. బుట్ట గట్టిగా నిలబడాలంటే పంచదార పాకంలో ముంచమని ఒక వీడియోలో చెప్పారు. ముంచి షోకేసులో పెట్టాను. గట్టిగానే నిలబడింది. తెల్లారేసరికి చీమల బారు గుమ్మం నుంచి షోకేసు దాకా.

నర్సాపురం మామ్మ:
పంచదార ఆత్రేయపురం పూతరేకులకి వాడుకో. బుట్టకి సగ్గుబియ్యం గంజి. పల్చగా కాచి, గుడ్డలో వడకట్టి, ముంచి పిండి, బోర్లించిన గిన్నె మీద వేసి నీడలో ఆరబెట్టు. (గొడవ వేరు, పని వేరు.)

ఊలుబంతి (భీమవరం):
పిన్నిగారూ, 22 మెట్లూ ఎక్కేశానండీ! రెండు గంటలు పట్టింది. 14వ దగ్గర ఒక మెట్టు వదిలేసి మళ్లీ దిగాను. గీత కొంచెం కనపడుతోంది. కానీ మెడ పని అయిపోయింది. పెద్ద సూదితో మూస్తే వదులుగా వస్తుందని పక్కింటి ఆంటీ చెప్పారు. 10 బదులు 12 నంబరు సూది తెచ్చి మూశాను. ఇప్పుడు మా ఇంట్లో బొమ్మ తల కూడా దూరడం లేదు.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
అయ్యో తల్లీ! మన దగ్గర అమ్మే పాత నంబర్లలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది. 10 అంటే 3.25 మిల్లీమీటర్లు. 12 అంటే 2.75. నువ్వు సన్న సూదితో మూశావు. నీకు కావలసింది 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్లు.

నర్సాపురం మామ్మ:
దారం కూడా అంతే. 40 నంబరు దారం 20 కన్నా సన్నం. కొత్తవాళ్లందరూ ఇక్కడే పడతారు.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
మెడ మూసిన వరస ఒక్కటే విప్పు. విప్పే ముందు, దాని కింది వరసలో ప్రతి కుట్టులోంచీ వేరే రంగు నూలు పోగు సూదితో ఎక్కించు. ఏ కుట్టూ ఆ పోగు దాటి కిందకి జారదు. ఇది ముందే చేసుంటే ఆ 22 మెట్ల బాధ ఉండేది కాదు. నేను ప్రతి 20 వరసలకీ ఒక పోగు వదిలేస్తాను.

8 నంబరుతో మూసినా పసిబిడ్డ తల పెద్దదే. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దగ్గర దగ్గర 35 సెంటీమీటర్లు. ఎడమ భుజం కుట్టేయకుండా వదిలి రెండు బొత్తాలు పెట్టు. బొత్తాలు దారంతో గట్టిగా కుట్టు, నోట్లో పెట్టుకుంటారు.

అంతర్వేది వల:
ఆ వేరే రంగు పోగు సంగతి బాగుంది. వలలో మాకు అవసరం లేదనుకోండి.

రాజోలు సైలెంట్:
అంచులు చుట్టుకుపోవడం గురించి ఎవరూ చెప్పలేదు.

పఠాన్‌కోట్ పిన్ని (తణుకు):
ఒక వరస నిట్ (మామూలు కుట్టు), ఒక వరస పర్ల్ (దాన్నే తిరగేసి వేసే కుట్టు) అల్లితే చుట్టుకుపోవడమే దాని గుణం. పక్క అంచులు వెనక్కి, కింద అంచు ముందుకి. తడిపి, సాగదీసి, గుండుసూదులు గుచ్చి ఆరబెడితే కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ చుట్టుకుంటుంది. పక్కలు అతికేశాక వాటి గోల ఉండదు. కింద అంచుకి కుట్లు ఎత్తుకుని ఆరు వరసలు నిట్ మాత్రమే అల్లు, పర్ల్ వద్దు. ఊలు అసలుదైతే వేడినీళ్లలో నలపకు, గడ్డకట్టి బొమ్మ సైజుకి వస్తుంది. అక్రిలిక్ అయితే ఇస్త్రీపెట్టె ఆవిరి దగ్గరికి రానీయకు, ప్రాణం పోయిన గుడ్డలా వేలాడుతుంది.

యానాం కుర్రోడు:
ఇంత కష్టపడే బదులు అక్కడే ఒకటి కొనొచ్చు కదా?

నర్సాపురం మామ్మ:
ఈ అబ్బాయిని ఎవరైనా బయటికి పంపండి.

ఊలుబంతి (భీమవరం):
మెడ విప్పాను, 8తో మూశాను, బొమ్మ తల దూరింది. భుజానికి రెండు చిన్న తెల్ల బొత్తాలు. చేతులు ఎలా అతకాలో ఎవరూ చెప్పలేదు, నాకు తోచినట్టు అతికేశాను. ఎడమ చేయి కొంచెం వెనక్కి తిరిగింది. అమ్మ సూట్‌కేసు సర్దేసింది, ఇక విప్పను. పోగుల చివరలు ముడి వేయకుండా లోపల రెండు వైపులా తిప్పి దాచాను. ఊలు బంతి మాత్రం దొరకలేదు, కింద అంచు ఆరు వరసలకి బదులు మూడే.

పాలకొల్లు లెక్కలు:
లేత పసుపు కదా? మా ఆవిడ దగ్గర సగం బంతి ఉందట. రంగు కొంచెం ముదురు. అమ్మగారు 26న ఏ టైముకి బయలుదేరుతున్నారు?

నర్సాపురం మామ్మ:
ఉచితంగా ఇస్తారా, బంతి లెక్కనా?